మామకు సీరియస్

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. సంతోష్‌నగర్ క్రాస్‌రోడ్స్.

రామ్‌చందర్ స్కూటర్ మీద వచ్చి సిగ్నల్ దగ్గర ఆగాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. రక్షణ ప్రయోగశాల ఒకదానిలో డ్రాఫ్ట్స్‌మన్. ఆ ఉదయం ఒక కాయిన్ బాక్స్ నుంచి ఒకే నంబర్‌కు మూడుసార్లు ఫోన్ చేసి, మూడుసార్లూ "సార్ సీట్లో లేరు" అనిపించుకుని, ఇక లాభం లేదని ఆఫీసుకు బయల్దేరాడు. వెనక నుంచి ఇటుకల లారీ వచ్చింది. హారన్ కొట్టలేదు. బ్రేకూ వేయలేదు.

జనం పోగయ్యేలోపే అంతా అయిపోయింది. లారీ నంబర్ ఎవరూ చూడలేదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకుని పోయారు.

అతను మూడుసార్లు తిప్పిన ఆ నంబర్ గూఢచారి విభాగం ఏజెంట్ వంశీధర్‌ది. మనవాడు ఆ ఉదయం తొమ్మిదింబావుకే ఆఫీసుకు వచ్చాడు. టేబుల్ మీద ఆపరేటర్ రాసిపెట్టిన గులాబీ రంగు చీటీలు మూడున్నాయి. పైన 'రామ్‌చందర్' అన్న పేరు కనిపించింది. రామ్‌చందర్ రోజూ ఫోన్ చేస్తాడు, రోజూ భయపడతాడు, రోజూ ఏమీ కాదు. అందుకని వంశీధర్ ఆ చీటీల మీద టీ గ్లాసు పెట్టుకుని పేపరు తిరగేశాడు. పదింటికి కబురొచ్చాక గ్లాసు తీసి చదివాడు. మూడింటిలోనూ ఒకటే మాట. 'లారీ వెంట పడుతోంది. ఏం చేయమంటారు?'

చీటీలు మడిచి పర్సులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఫైల్లో 'ముందస్తు సమాచారం లేదు' అని తన చేత్తోనే రాశాడు. ఆ రోజు నుంచి వాడికి అన్నం సయించలేదంటే నమ్మండి. తప్పు చేసినవాడికి శిక్ష పడకపోతే ఎంత నరకమో వాడికి తెలిసొచ్చింది.

*

మూడు వారాల తర్వాత, పందొమ్మిది వందల తొంభై ఎనిమిది జులైలో, చీఫ్ పరబ్రహ్మం వాణ్ణి పిలిపించాడు.

విభాగం ఆఫీసు సంతోష్‌నగర్ లోపలి గల్లీలో ఒక పాత మేడ. గేటుకు 'కోళ్ళ దాణా నాణ్యతా పరీక్షా కేంద్రం' అని బోర్డు. నెలకో ఇద్దరు రైతులు నిజంగానే దాణా బస్తాతో వస్తారు. దేశ భద్రత దృష్ట్యా వాళ్ళకు పరీక్ష చేసి రిపోర్టు కూడా ఇస్తారు. గేటు దగ్గర కోడ్ వర్డ్ అడుగుతారు. "తేమ ఎంత?" అంటే "పదకొండు శాతం" అనాలి.

"కూర్చో," అన్నాడు పరబ్రహ్మం. ఆయన మొహంలోంచి ఏ సంగతీ బయటికి రాదు. "రామ్‌చందర్‌తో పాటు మనకు సమాచారం ఇచ్చినవాడు ఇంకొకడున్నాడు. బాలకిషన్. అదే ల్యాబ్, అదే సెక్షన్. రామ్‌చందర్‌ను చంపించిన ముఠా వీణ్ణీ ల్యాబ్ డ్రాయింగులు అడిగింది, ఇవ్వకుండా మన దగ్గరకొచ్చాడు. ఇప్పుడు వాళ్ళ లిస్టులో వాడే."

"దాచేద్దాం సార్."

"దాస్తే ముఠా మాయమవుతుంది. సింగపూర్‌లో కూర్చుని ఆర్డర్లు వేసేవాడెవడో ఎప్పటికీ తెలీదు. బాలకిషన్ రోజూలాగే ఆఫీసుకెళ్తాడు. చంపమని ఆర్డర్ వచ్చిన రోజు మాత్రం దారి పొడుగునా మనవాళ్ళు నలుగురుంటారు. ఆర్డర్ ఎప్పుడొస్తుందో పట్టుకోవడం నీ పని."

అంటే బాలకిషన్ ఎర. ఇద్దరు పిల్లల తండ్రి.

ఆర్డర్ వచ్చే చోటు లాడ్ బజార్ వెనక వైకుంఠం గారి గాజుల ఎగుమతి కంపెనీ. పెద్దాయన మూడు తరాల వ్యాపారి, ఏ పాపం ఎరగడు. ముఠా మనిషి అక్కడి ఎక్స్‌పోర్ట్ మేనేజర్ నిఖిలేష్. సింగపూర్ కాల్ ఎప్పుడొచ్చినా అతను కావాలనే సీట్లో ఉండడు. ఆపరేటర్ చీటీ రాస్తుంది. అతను చదివి, సిగరెట్‌తో పాటే కాల్చేస్తాడు. మామూలు ఆఫీసులో మామూలు చీటీ. ఎవడు అనుమానిస్తాడు?

"అందుకని చీటీలు మాన్పించేస్తున్నాం," అంటూ పరబ్రహ్మం ఒక ఫ్లాపీల డబ్బా ముందుకు తోశాడు. "ఫోన్ మెసేజ్ సాఫ్ట్‌వేర్. ఆపరేటర్ టైప్ చేస్తే ఎవరి మెసేజ్ వాళ్ళ కంప్యూటర్ మీద గంట కొట్టి కనిపిస్తుంది. ఒక కాపీ చప్పుడు కాకుండా మోడెమ్ ద్వారా మన ఫోన్ లైనుకు వస్తుంది. మూడు నెలలు ఉచిత ట్రయల్ అనగానే వైకుంఠం గారు సరే అన్నారు. నీ పేరు అంజన్ కుమార్. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్."

"కోడ్?"

"అది మనస్విని ఇచ్చింది."

మనస్విని ఆ కంపెనీలో గాజుల డిజైనర్. ముఠా ఆమెను నిఖిలేష్‌కు తోడుగా పెట్టింది. విభాగం ఆమెను ముఠాలో తన కన్నుగా పెట్టుకుంది. ఏ పూట ఎవరి మనిషో ఆమెకే తెలియాలి. ఆమె చెప్పిన కోడ్ మూడే మూడు ముక్కలు. సింగపూర్ గొంతు "మామకు సీరియస్" అంటే ఆగండి, కనిపెట్టుకుని ఉండండి అని. "మామ పోయాడు" అంటే ఈ రోజే పని ముగించండి అని. "మామ కోలుకున్నాడు" అంటే అంతా రద్దు.

*

సోమవారం పొద్దున అంజన్ కుమార్ కళ్ళద్దాలు పెట్టుకుని, జేబులో నాలుగు పెన్నులు గుచ్చుకుని, కేబుల్ చుట్ట భుజాన వేసుకుని దిగాడు. లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. కంపెనీ రెండో అంతస్తులో, గాజుల అట్టపెట్టెల మధ్య ఆరు కంప్యూటర్లున్నాయి. ఒకదానికొకటి సంబంధం లేదు. అందులో మంచిదాన్ని చూసి సర్వర్ చేశాడు. గోడ పొడవునా కేబుల్ లాగి, ఆరింటినీ కలిపి, ఒక్కో దానిలో ఫ్లాపీ వేసి, పేర్ల జాబితా ఎక్కించాడు. సర్వర్ వెనక మోడెమ్ పెట్టి ఫోన్ వైరు గుచ్చాడు. నిఖిలేష్ క్యాబిన్‌లో పెన్ స్టాండ్‌లో ఒక టెస్టర్ 'మరిచిపోయాడు'. అందులో మైక్ ఉంది. రిసీవర్ తన వాక్‌మన్‌లో ఉంది, వినపడిందల్లా దాని టేపుకెక్కుతుంది.

ఇంతవరకు అంతా బాగానే నడిచింది. వాడు లెక్కలోకి తీసుకోనిది ఆపరేటర్ నాగమణమ్మను.

యాభై రెండేళ్ళ మనిషి. ఉప్పుగూడ నుంచి రోజూ వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఫోన్ బోర్డు ముందే కూర్చుంది. కీబోర్డు చూడగానే చెంగు నోట్లో కుక్కుకుంది.

"గిదేంది బిడ్డా, అక్షరాలన్ని ఆగమాగం ఉన్నయి? ఏ తర్వాత బి ఉండొద్దా?"

"రెండు రోజుల్లో అలవాటైపోతుందమ్మా. ఇక్కడ 'ఎవరికి' అన్న చోట పేరు ఎంచుకోండి. ఇక్కడ ఎవరి ఫోనో కొట్టండి. ఇది 'అర్జెంట్'. ఇక్కడ విషయం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినా ఫరవాలేదు. ఈ బటన్ నొక్కితే వెళ్ళిపోతుంది."

"పోయినంక ఆళ్ళు చదివిన్రో లేదో ఎట్ల ఎర్కైతది?"

"చదవగానే ఇక్కడ టైం పడుతుంది. చదవకపోతే ఎర్రగా ఉండిపోతుంది. ఎవరూ చదవలేదని తప్పించుకోలేరు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చేసరికి వంశీధర్ చెంప మీద కొట్టినట్టయింది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు బిడ్డా," అంది నాగమణమ్మ గొంతు తగ్గించి. "ఈ డబ్బా వచ్చినంక నన్ను తీసేస్తరా?"

"అయ్యో, లేదమ్మా. మీరు లేకపోతే దీన్ని నడిపేదెవరు?"

అబద్ధం. మూడు నెలలకు ఆ ఆఫీసు ఉంటుందో లేదో వాడికే తెలీదు. ఆమె మాత్రం ఆ మాటకే పొంగిపోయి, మర్నాడు టిఫిన్ డబ్బాలో సర్వపిండి చేసుకొచ్చింది. "తిను, మస్తు చిక్కినవ్. మీ అమ్మ చూస్తే నన్ను తిడ్తది," అంటూ దగ్గర కూర్చుని తినిపించింది. మూడు వారాల తర్వాత వాడు కడుపునిండా తిన్నది అప్పుడే. ఈమె టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ దొంగచాటుగా లాక్కుంటున్నాను, ఈమె నాకు తిండి పెడుతోంది అనుకున్నాడు.

ఆమె తెలివైంది కూడా. మంగళవారానికల్లా వేళ్ళు దారిలో పడ్డాయి. మధ్యాహ్నం సింగపూర్ కాల్ మొదటిసారి వచ్చింది. కాపీ విభాగానికి చేరింది. 'మీ మామకు ఒంట్లో నలతగా ఉందట.' పరబ్రహ్మం దాన్ని కోడ్‌తో పోల్చి చూశాడు. నలత అన్న మాట కోడ్‌లో లేదు. ఎవరో నిజం మామ అయి ఉంటాడని పక్కన పడేశాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌కు అసలైన భక్తుడు ముసలి లెక్కల గుమాస్తా ఆగయ్య. గంట మోగడం ఆయనకు తెగ నచ్చింది. 'చాయ్ వచ్చిందా?' అని అందరికీ, తనకు తానే కూడా, పొద్దస్తమానం మెసేజ్‌లు పంపేవాడు. ఆ చాయ్ వివరాలన్నీ కాపీలై విభాగానికి చేరుతుండేవి.

*

గురువారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు వంశీధర్ ఆగయ్య కంప్యూటర్ కింద దూరి కేబుల్ బిగిస్తున్నాడు. నాగమణమ్మ ఫోనెత్తి, విని, "అయ్యో" అనడం వినిపించింది. ఆ ఆఫీసులో రోజుకు నాలుగు అయ్యోలు వినిపిస్తాయి. తల పైకెత్తలేదు. క్యాబిన్‌లో గంట కొట్టింది. నిఖిలేష్ తలుపు వేసుకున్నాడు. వాక్‌మన్ సంచిలో ఉంది. వీడి చేతుల్నిండా వైర్లు. అక్కడే తప్పు చేశాడు మనవాడు.

ఐదు నిమిషాలకు నడుముకున్న పేజర్ గుర్రుమంది. 'తేమ తగ్గింది. బస్తాలు లోపల పెట్టించాను.' అంటే కాపీ చేరింది, 'మామకు సీరియస్' అని ఉంది, ఇవాళ ఏమీ లేదు, కాపలా నలుగుర్నీ ఆఫీసులోనే ఆపేశారు. వంశీధర్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. బాలకిషన్‌కు ఇంకో రోజు దక్కింది.

ఐదుకు పది నిమిషాలు తక్కువ. సామాను సర్దుకుంటుంటే నాగమణమ్మ పక్కనే కూర్చుని కళ్ళొత్తుకుంటోంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బిడ్డా. నిఖిలేష్ సారు మామ పోయిండు. కబురు పంపి గంటన్నర దాటింది, గాయిన ఇంక లేస్తలేడు. పైంగ నవ్వుకుంట సిగరెట్ తాగుతుండు. ఏం మనుషులో ఏమో."

వంశీధర్ చేతిలోని కేబుల్ జారింది. "పోయాడా? సీరియస్ అని కదా..." అని ఆగిపోయాడు. ఆ మెసేజ్ వాడు చూసి ఉండకూడదు.

ఆమె అది పట్టించుకోలేదు. "సీరియస్ అనే కొట్టిన. మరేమని కొడ్త? పోయిండని రాస్తరా? ఇరవై రెండేండ్లల్ల ఎన్ని సావులో ఈ బోర్డు మీదికి వచ్చినయి. ఒక్కనాడు గూడ పోయిండని చీటీ రాయలే. పుట్టెడు దుఃఖం మనిషికి కాయితం మీద చూపెడ్తమా? సీరియస్ అని రాస్త. చదివినోళ్ళకు అర్థమైతది. నిజంగ సీరియస్ ఉంటె నలతగ ఉందని రాస్త. మా ఆఫీసుల అందరికి ఎర్కనే."

అందరికీ ఎరుకే. ఐదేళ్ళుగా ఆమె చీటీలు చదువుతున్న నిఖిలేష్‌కు మరీ ఎరుకే. ఎరుక లేనిది ఆరు కంప్యూటర్లూ, ఒక మోడెమూ, ఒక గూఢచారి విభాగమూ పెట్టుకుని కూర్చున్న మహానుభావులకే.

వంశీధర్ పరిగెత్తి ఫోనందుకున్నాడు. విభాగం నంబర్ తిప్పాడు. ఎంగేజ్. మళ్ళీ తిప్పాడు. ఎంగేజ్. మూడోసారి తిప్పుతూ పక్కకు చూశాడు. ఆగయ్య ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'రేపు చాయ్‌లోకి ఉస్మానియా బిస్కెట్ కావాలా' అని ఆరుగురికీ పంపుతున్నాడు. ఒక్కొక్కటీ మోడెమ్‌లో మెల్లగా పాకుతూ విభాగానికున్న ఆ ఒక్క లైన్లో దూరుతోంది. వెళ్ళి మోడెమ్ వైరు పీకేశాడు. ఐనా ఎంగేజే. అవతలి కొసన యంత్రం ఇంకా లైను పట్టుకునే ఉంది.

ల్యాబ్‌కు తిప్పాడు. "బాలకిషనా? ఇప్పుడే స్కూటర్ తీసిండు," అన్నాడు గేటు దగ్గర మనిషి.

ఇరవై నిమిషాల్లో బాలకిషన్ సంతోష్‌నగర్ క్రాస్‌రోడ్స్ చేరతాడు. లాడ్ బజార్ నుంచి అక్కడికి ఆ వేళప్పుడు ఆటోలో ముప్పావు గంట. పోలీసులకు చెప్పి నమ్మించేలోపే అంతా అయిపోతుంది. వంశీధర్ వాక్‌మన్ చెవికి పెట్టుకుని టేపు వెనక్కి తిప్పాడు. మూడుంబావుకు మాట్లాడిన నిఖిలేష్ గొంతు వినిపించింది. "క్రాస్‌రోడ్ కాడ ఫోన్ బూత్‌ల కూసో. బాలకిషన్ ఐదింబావుకు అటు దాటుతడు. నేను మల్ల ఫోన్ చెయ్యకుంటె లారీ తియ్యి."

మళ్ళీ ఫోన్ చేస్తే తీయడు. ఆ ఫోన్ చేయాల్సింది నిఖిలేషే. అతనితో చేయించాలంటే సింగపూర్ నుంచి రద్దు రావాలి. సింగపూర్ నుంచి ఏది వచ్చినా నాగమణమ్మ నుంచే రావాలి.

*

స్టాక్ రూంలో గాజుల పెట్టెల వెనక నిలబడి వాడు ఆమెకు మొత్తం చెప్పేశాడు.

"అమ్మా, నేను కంప్యూటర్ మనిషిని కాను. నా పేరు అంజన్ కాదు. మీ మెసేజ్‌లన్నీ దొంగతనంగా చదువుతున్నాం."

ఆమె ఒక గాజుల పెట్టె మీద కూలబడింది. "మరి మా ఇంటి సర్వపిండి తిన్నదెవలు?"

నిఖిలేష్ ఎవరో, లారీ ఏమిటో, బాలకిషన్ ఎక్కడున్నాడో గబగబా చెప్పాడు. "మామ కోలుకున్నాడని ఒక్క మెసేజ్ పంపండమ్మా. మీ లాగిన్‌తో నేనే పంపగలను, కానీ నా మాట మీ మాటలా ఉండదు. అతను పట్టేస్తాడు."

"రాని ఫోన్ వచ్చిందని చెప్పాల్నా? ఇన్నేండ్లల్ల ఒక్కసారి చెప్పలే బిడ్డా. నోరు పడిపోదా?"

ఐదు దాటింది. ఎవరికీ చెప్పనిది వంశీధర్ నోటి నుంచి బయటికి వచ్చేసింది. "మూడు వారాల కింద ఒకాయన నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. నన్ను చంపేస్తారు, ఏం చేయమంటారని. ఆపరేటర్ మూడు చీటీలు రాసి నా టేబుల్ మీద పెట్టింది. నేను చదవలేదు. చదవకుండా వాటి మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. అరగంటలో ఆయన పోయాడు. నేనే చంపానమ్మా. ఇప్పుడు రెండో మనిషి."

అని ఏడ్చేశాడు. ఏజెంట్లు ఏడవకూడదని ట్రైనింగ్‌లో చెబుతారు. ఆ రోజు వాడికి ట్రైనింగ్ గుర్తు రాలేదు.

"ఆయనకు పిల్లలున్నరా? ఇప్పుడు స్కూటర్ మీద వచ్చేటాయనకు?"

"ఇద్దరు."

నాగమణమ్మ లేచి చెంగు దోపుకుంది. కంప్యూటర్ వైపు నడుస్తుందనుకున్నాడు వంశీధర్. ఆమె తిన్నగా క్యాబిన్ వైపు నడిచింది.

"అమ్మా, మెసేజ్..."

"మంచి ముచ్చట చీటీల ఎవలన్న రాస్తరా? ఏం ఎర్కలేదు నీకు," అని తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

వంశీధర్ వాక్‌మన్ చెవికి నొక్కుకున్నాడు. అద్దంలోంచి కనిపిస్తోంది. లోపల నిఖిలేష్ ఒక్కడే లేడు. ఎదుటి కుర్చీలో మనస్విని కాలు మీద కాలు వేసుకుని, కూలింగ్ గ్లాసెస్ జుట్టులోకి తోసుకుని, లక్క గాజు ఒకటి వేలి మీద తిప్పుతోంది. మనస్విని సీటు ఫోన్ బోర్డు పక్కనే, క్యాబిన్‌లోకి రాకముందు అక్కడే ఉంది. సింగపూర్ కాల్ మళ్ళీ రాలేదని అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

"నిఖిలేష్ సారూ! మీ మామ బతికిండట సారూ!"

సిగరెట్ పొగ మధ్య నిఖిలేష్ తలెత్తాడు. "ఎవరు చెప్పిన్రు?"

"గా సింగపూర్ సారే మల్ల చేసిండు. డాక్టర్లు ఆగమాగం చెప్పిన్రట. పాణం ఉన్నదట. కండ్లు తెరిచిండట."

"స్క్రీన్ మీద రాలేదేంది?"

"మంచి ముచ్చట డబ్బాల ఎందుకు కొడ్త సారూ? మీ బిడ్డ పరీక్ష పాసైనప్పుడు ఉరికొచ్చి నోటితోని చెప్పలేనా? మిఠాయి తెప్పియ్యలేదా మీరు? యాది లేదా?"

నిఖిలేష్ ఆమె మొహంలోకి చూశాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క అబద్ధం చెప్పని మొహం అది. ఐనా అతను ఊరికే ఆ స్థాయికి రాలేదు. మెల్లగా మనస్విని వైపు తిరిగాడు.

"నువ్వు అక్కడ్నే ఉన్నవ్ కదా. ఫోన్ వచ్చిందా?"

గోడ గడియారంలో ఐదుంబావుకు నాలుగు నిమిషాలు తక్కువ. మనస్విని గాజు తిప్పడం ఆపింది. నాగమణమ్మ చెంగు కొసను వేళ్ళకు చుట్టి విప్పుతోంది. మనస్విని చూపు ఆ వేళ్ళ మీద ఒక్క క్షణం ఆగింది.

"వచ్చింది," అంది. "ఫస్ట్ నేనే లిఫ్ట్ చేశాను. లైన్ క్లియర్‌గా లేదు, ఈవిడకు కనెక్ట్ చేశాను. మీరు ఇంకా కూర్చున్నారేంటి నిఖిలేష్? టైం చూశారా?"

నిఖిలేష్ ఫోన్ మీదికి వంగాడు. అటువైపు గంట మోగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎవరూ ఎత్తలేదు. ఐదోసారికి బూత్ మనిషి ఎత్తి, డ్రైవర్ లారీ ఎక్కేశాడని చెప్పాడు. "ఆపు వాణ్ణి! ఉరుకు!" అని అరిచాడు నిఖిలేష్. నాగమణమ్మ కళ్ళు మూసుకుంది.

ఇటుకల లారీ గేరు మార్చి రోడ్డెక్కుతుండగా బూత్ మనిషి చెప్పుల్లేకుండా దాని ముందుకు పరిగెత్తాడు. లారీ కిర్రుమని ఆగింది. దాని ముందు నుంచే బాలకిషన్ స్కూటర్ మీద నింపాదిగా దాటాడు. హ్యాండిల్‌కు సంచిలో కూరగాయలు. రోడ్డుకు అడ్డంగా పరిగెత్తే మనుషులేమిటని విసుక్కుంటూ ఇంటికెళ్ళిపోయాడు.

ఐదున్నరకు విభాగం లైన్ ఖాళీ అయింది. ఆరింటికి బూత్ దగ్గర డ్రైవర్, ఆరుంబావుకు క్యాబిన్‌లో నిఖిలేష్ దొరికారు. వాక్‌మన్ టేపులో దొరికిన వివరాలు పట్టుకుని వారం లోపల సింగపూర్ గొంతును అక్కడి పోలీసులే లాక్కెళ్ళారు.

మెట్ల దగ్గర మనస్విని కూలింగ్ గ్లాసెస్ దించుకుంటూ ఎదురైంది.

"నాగమణమ్మ అలవాటు నీకు తెలుసు కదా," అన్నాడు వంశీధర్. "కోడ్‌తో పాటు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"ఇవాళ ఎందుకు మా వైపు చెప్పావు?"

"పోయిన నెల మా అమ్మ పోయింది. నా టేబుల్ మీద చీటీలో సీరియస్ అని ఉంది. ఆవిడ అలవాటు అప్పటికి నాకు తెలీదు, ఊరు చేరేదాకా నాకు ఆశ మిగిలింది," అని చకచకా దిగిపోయింది.

*

మర్నాడు కేబుల్ విప్పడానికి వెళ్తే వైకుంఠం గారు చేతులెత్తి దణ్ణం పెట్టారు. "ఆ డబ్బా మొత్తం తీస్కపో సారూ. మాకు నాగమణమ్మ చీటీలే మస్తు." ఆగయ్య ఒక్కడే దిగులుగా చూశాడు.

నాగమణమ్మ మళ్ళీ గులాబీ రంగు చీటీల కట్ట ముందు కూర్చుంది. వంశీధర్ ఆమె ముందు తల దించుకుని నిలబడ్డాడు. "మిమ్మల్ని మోసం చేశాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదమ్మా."

"గది నేను మర్చిపోత తియ్యి. ఒక్క ముచ్చట చెప్పు. ఆ మూడు చీటీలు రాసిన ఆపరేటర్ ఉన్నది చూడు, మీ ఆఫీసుల. ఆమెకు చెప్పినవా?"

"ఏమని?"

"చీటీలు నీకు అందినయని. నువ్వే చదవలేదని. ఆమెకేం ఎర్క? సరిగ రాయలేదేమో, పోయి నోటితోని చెప్తె బాగుండునేమో, ఆ మనిషిని నేనే చంపిన్నేమో అని దినాం ఏడుస్తుంటది. నేనైతే గట్లనే ఏడుద్దును. నీ పాపం నువ్వు ఒక్కడివే మోస్తున్నవ్ అనుకుంటున్నవా?"

మూడు వారాల్లో ఒక్కసారి కూడా వంశీధర్ ఆ ఆపరేటర్ గురించి ఆలోచించలేదు. ఆమె పేరు కూడా గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. సుందరమ్మ.

ఆటో పట్టుకుని విభాగానికి వచ్చాడు. గేటు దగ్గర తేమ ఎంతో కూడా చెప్పకుండా తోసుకుని లోపలికి వెళ్ళాడు. సుందరమ్మ కింది గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. కళ్ళ కింద నలుపు ఉంది. రోజూ ఆమె ముందు నుంచే వెళ్తున్నాడు, ఎప్పుడూ చూడలేదు.

"సుందరమ్మ గారూ, ఆ రోజు రామ్‌చందర్ మెసేజ్‌లు మూడూ నాకు అందాయి. మీరు సరిగ్గానే రాశారు. నేనే చదవలేదు. తప్పు మీది కాదు, నాది. రిపోర్ట్ మార్చి రాసి ఇస్తున్నాను. ఏ శిక్ష వేసినా సరే."

సుందరమ్మ హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పైటతో తుడుచుకుంది.

"ప్రతి చీటీకి కింద కార్బన్ కాపీ ఉంటుంది సార్. ఆ రోజు మీరు సీట్లో లేరని ఆ కాపీలు మూడూ పై గదికి కూడా పంపాను. అక్కడా ఎవరూ చదవలేదు. ఇద్దరికి పంపినా ఎవరూ కదల్లేదంటే నా రాతలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. నిద్ర పోయి ఎన్నాళ్ళయిందో."

"ఇప్పుడైనా నమ్మండి. మీ తప్పు ఏమీ లేదు."

"నమ్ముతున్నాను సార్. ఈ మాట చెప్పడానికి నా దగ్గరకు వచ్చినవాళ్ళలో మీరు రెండోవారు. ఆయన నిన్న రాత్రే వచ్చి వెళ్ళారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు."

పై అంతస్తులో ఉన్నది ఒకే గది. ఏ సంగతీ బయటికి రాని ఆ మొహం వంశీధర్‌కు కళ్ళ ముందు కదిలింది. ఐనా అడిగాడు. "మొదటివారెవరు?"

సుందరమ్మ హెడ్‌ఫోన్ మళ్ళీ చెవులకు పెట్టుకుంది.

"ఇది గూఢచారి విభాగం సార్," అంది. "అన్నీ అందరికీ చెప్పేస్తారా?"